సావుకారమ్మ రొట్టె

సంత రోజున డుంబ్రిగుడలో గణపతిరావు హోటల్ పొయ్యి వెలగకముందే వెనక పాకలో రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు వినబడేది. తిప్పేది గంగ. పనసపుట్టు నుంచి కొండ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, రోలు ముందు కూర్చునేది. పక్కన గంపెడు కొత్తిమీర, దోరగా వేయించిన నల్లటి వలిసె గింజలు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, నానబెట్టిన చింతపండు. ఎండ పాకలోకి వచ్చేసరికి అదంతా నూనె తేలిన పచ్చటి ముద్దయి పెద్ద సత్తు గిన్నెలోకి చేరేది. ఇడ్లీకి అదే, అట్టుకి అదే, అన్నంలోకీ అదే.

పచ్చడి మాత్రం గణపతిరావు భార్య సత్యకుమారిది. శృంగవరపుకోట దగ్గర ఆమె పుట్టింట్లో నువ్వులు వేసి చేసేవారు. కిరండోలు రైలు నడవడం మొదలైన కొత్తలో భర్త వెంట కొండెక్కి వచ్చాక, ఇక్కడ నువ్వుల కంటే వలిసెలు చవకని అవి వేయడం మొదలుపెట్టింది. రుచి ఇంకా బాగా కుదిరింది. సంతకు వచ్చే వర్తకులు ఆ పచ్చడి కోసమే ఇంకో ఇడ్లీ వేయించుకునేవారు.

గంగ కూలికి రావడానికి కారణం ఆమె భర్త మంగ్లు. కల్లు దించడానికి జీలుగు చెట్టెక్కి, కాలు జారి బండ మీద పడ్డాడు. తుంటి విరిగింది. గూడెంలో కట్టు కట్టారు కానీ ఎముక వంకరగానే అతుక్కుంది. కర్ర పట్టుకుని ఇంటి చుట్టూ తిరగగలడు, పోడు కొట్టలేడు. వాలులో ఉన్న పొలం చెక్కలో గంగ ఒక్కతే ఎంత పండించగలదు? కొంచెం చోళ్ళు అనే రాగులు, కొంచెం సామలు, కంచె పక్కన వలిసెలు, చిక్కుడు పాదు. అవి వానలు వెనకబట్టే వరకు కూడా చాలేవి కావు. అందుకని సంత రోజునా, ఆ మర్నాడూ హోటల్లో రుబ్బడానికి, అంట్లు తోమడానికి కుదిరింది. కూలి కింద ఇచ్చే చిల్లర ఉప్పుకీ కిరసనాయిలుకీ సరిపోయేది. ఇంట్లో మొగుడూ కూతురూ తనూ, ముగ్గురి కడుపు నింపింది మాత్రం మిగిలిన పచ్చడే.

సంత విరిగేసరికి గిన్నె అడుగున ఎప్పుడూ ఎంతో కొంత పచ్చడి మిగిలేది. మర్నాటికి దాని మీద రంగు మారుతుంది, కాస్త పులుపెక్కుతుంది. డబ్బిచ్చి తినేవాళ్ళకి అది పెట్టలేరు.

"పట్టుకెళ్ళవే గంగా. రేపటికి ఎలాగూ పారబోయాల్సిందే," అనేది సత్యకుమారి.

గంగ దాన్ని అడ్డాకుల్లో పొట్లం కట్టుకుని కొండెక్కేది. ఇంటికి రాగానే చిన్న మట్టి ముంతలోకి నొక్కి నొక్కి పెట్టి, పైన వేలి మందాన వలిసెల నూనె పోసేది. నూనె కింద ఉన్న పచ్చడికి గాలి తగలదు, బూజు పట్టదు. మళ్ళీ సంత వచ్చే వరకూ దాంతోనే ఇల్లు నడిపేది.

చోడి అంబలిలోకి గరిటెడు వేసి కలిపితే ఉప్పూ కారం వేరే అక్కర్లేదు. ఉడికిన చిక్కుడు గింజలు దించే ముందు అందులో కలిపితే, పులుసు చిక్కబడి కూర అయ్యేది. నిప్పుల్లో కాల్చిన దుంపని చీల్చి, వేడి వేడిగా ఉండగానే లోపల రాసి కూతురి చేతిలో పెడితే, ఆ గుంట వేళ్ళు కాలుతున్నా వదిలేది కాదు. లేత వెదురు కొమ్ములు మొలిచే కాలంలో వాటిని ఉడికించి, నీరు వార్చి, ఈ పచ్చడితోనే వేయించేది. ముంత అడుగంటాక అందులో వేణ్ణీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళు చారులో కలిపేది. ఏదీ పోనిచ్చేది కాదు.

వీటన్నిటిలోనూ మంగ్లుకి ఇష్టమైనది రొట్టె. చోడి పిండిలో పచ్చడి వేసి, నీళ్ళు పోయకుండా ఆ తడితోనే ముద్ద చేసి, రెండు అడ్డాకుల మధ్య పెట్టి తట్టి, నిప్పుల మీద కాల్చేది. ఆకు మాడి ఊడొచ్చేసరికి రొట్టె సిద్ధం. వలిసెల్లోని నూనె పిండికి పట్టి, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేది. తుంటి నొప్పితో మూలుగుతూ పడుకున్న రోజుల్లో కూడా మంగ్లు ఆ వాసనకి లేచి కూర్చునేవాడు.

మధ్యాహ్నం హోటల్ ఖాళీ అయ్యాక సత్యకుమారి పాకలోకి వచ్చి కూర్చునేది. ఆమెకి పిల్లల్లేరు. ఆ ఊళ్ళో మాట్లాడేందుకు తన వాళ్ళంటూ ఎవరూ లేరు. భర్త మాట్లాడితే సరుకుల గురించి మాట్లాడతాడు, లేదంటే కేకలేస్తాడు.

"పోయిన వారం పచ్చడి ఏటి సేసినావే?" అని అడిగేది గంగని.

గంగ అంట్లు తోముతూనే చెప్పేది. ఎలా కలిపిందో, ఏ ఆకులో కాల్చిందో, కూతురు ఏమందో. సత్యకుమారి మోకాలి మీద గడ్డం ఆనించుకుని కథ విన్నట్టు వినేది. ఒకసారి గంగ ఒక రొట్టె తెచ్చి ఇచ్చింది. సత్యకుమారి ముందు గుమ్మం వైపు ఓసారి చూసి, తడిక వెనక్కి జరిగి తింది. కొండవాళ్ళ చేతి వంట తిన్నదని గణపతిరావుకి తెలిస్తే ఊరుకోడు. చివరి ముక్క వరకూ తిని, మూతి తుడుచుకుని, "మళ్ళీ తేవే," అంది. ఆ మాటకి గంగ ఆ రోజంతా లోలోపల పొంగిపోయింది. సావుకారమ్మ తన చేతిది తిన్నదని మంగ్లుకి చెప్పింది. "ఊరికే సెప్తున్నావు," అన్నాడతను. నమ్మలేదు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి, దిగువ నుంచి వచ్చే లారీలు ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళలేక ఒక బస్సు డుంబ్రిగుడలోనే నిలిచిపోయింది. అందులోని వాళ్ళంతా తడిసి వణుకుతూ గణపతిరావు హోటల్లోకి వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో సంత సంతకీ బట్టల మూటతో తిరిగే సన్యాసిరావు కూడా ఉన్నాడు. హోటల్లో పప్పు నిండుకుంది. కూరగాయలు లేవు. ఇడ్లీకి మినుములు లేవు. ఉన్నదల్లా నిన్నటి సంతలో మిగిలిన గిన్నెడు పచ్చడి, కాస్త బియ్యప్పిండి, ఒక బస్తా చోళ్ళ పిండి, మూలన చిక్కుడు గింజలు.

గణపతిరావు వంటింట్లోకి వచ్చి పళ్ళు బిగబట్టి అన్నాడు. "ఇంతమంది వచ్చి కూర్చుంటే ఏటి పెడతావు ఆళ్ళకి? రాళ్ళు పెడతావా?"

సత్యకుమారి బిత్తరపోయి గంగ వైపు చూసింది.

"ఆ పచ్చడి ఇటివ్వండి సావుకారమ్మా," అంది గంగ. "బేగి నిప్పులు సేయించండి."

రెండు పిండ్లూ కలిపి పచ్చడితో తడిపింది. పాక కింద పోసిన అడ్డాకుల్లో రొట్టెలు తట్టింది. చిక్కుళ్ళు ఉడుకుతుంటే గరిటెడు పచ్చడి వాటిలో కలిపింది. గిన్నె కడిగిన నీళ్ళు చారులో పోసింది. ఆమె చేతులు పని చేస్తుంటే సత్యకుమారి పక్కనే నిలబడి అందించింది. రొట్టెలు వేడి వేడిగా బయటికి వెళ్ళాయి. బయట మాటలు ఆగిపోయాయి. కాసేపు వాన చప్పుడూ నములుతున్న చప్పుడూ తప్ప ఇంకేమీ వినబడలేదు.

తర్వాత సన్యాసిరావు గొంతు లేచింది. "ఏటి గణపతిరావు గారూ ఇది? ఊరూరా తిరిగే మనిషిని, ఇలాటి రొట్టె ఎక్కడా తినలేదు. ఎవలు సేసినారు?"

సత్యకుమారి తడిక పక్క నుంచి తల బయటికి పెట్టింది. "మా గంగ..." అనబోయింది.

"మా ఇంటిది," అన్నాడు గణపతిరావు గట్టిగా. "మా ఆడోళ్ళది సెయ్యి అలాటిది."

ఆ మాట ఎందుకన్నాడో సత్యకుమారికీ తెలుసు, గంగకీ తెలుసు. కొండదాని చేతులతో కలిపిన పిండి అని తెలిస్తే అక్కడున్న వాళ్ళలో సగం మంది విస్తరి ముందు నుంచి లేచిపోతారు. గంగకి ఆ నిమిషాన బాధ కలగలేదు. తన రొట్టె వాళ్ళందరికీ నచ్చిందన్న సంతోషంలో ఉంది. మిగిలిన నిప్పుల మీద కూతురి కోసం చిన్న రొట్టె ఒకటి తట్టుకుని, ఆకులో చుట్టుకుని, వానలోనే కొండెక్కింది.

మళ్ళీ సంతకి ఆ బస్సులో చిక్కుకున్న వాళ్ళు ఇంకొంతమందిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇడ్లీ వద్దు, ఆ రొట్టె కావాలన్నారు. దానికి ఎవరు పెట్టారో ఏమో, సావుకారమ్మ రొట్టె అని పేరు పడింది. రోడ్డు పనివాళ్ళు, బడి పంతుళ్ళు, అడవి శాఖ వాళ్ళు అందరూ అదే అడిగేవారు. చిక్కుడు కూర కూడా పేరు తెచ్చుకుంది. రొట్టె పిండి గంగే కలిపేది, గంగే కాల్చేది, అయితే వెనక పాకలో. వడ్డించేది గణపతిరావు. వచ్చినవాళ్ళు తొంగి చూడకుండా పాకకి ఇంకో తడిక కట్టించాడు.

ఆ రొట్టె అడిగిన మొదటి సంత సాయంత్రం గంగ ఎప్పట్లాగే ఖాళీ ఆకులు పట్టుకుని గిన్నె దగ్గర నిలబడింది. గిన్నెలో పచ్చడి ఉంది, కానీ గణపతిరావు దాని మీద మూత పెట్టి అటక మీదికి ఎక్కించాడు.

"రేపటి రొట్టెలకి కావాల కదే," అన్నాడు.

అప్పుడు తెలిసొచ్చింది గంగకి. మిగిలిన పచ్చడి ఎలా వాడుకోవాలో తనే నేర్పింది. నేర్చుకున్నాక ఇక మిగిలేది ఏమీ ఉండదు.

ఆ వారం ముంత ఖాళీగా ఉంది. కూతురు బడికి వెళ్ళి వస్తోంది. అక్కడి పంతులమ్మ దానికి సరళ అని పేరు పెట్టింది. ఇంటికి రాగానే ముంతలోకి తొంగి చూసి, "ఏదమ్మా?" అంది. గంగ ఉప్పు వేసిన అంబలి పోసింది. పిల్ల రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. మంగ్లు తన గిన్నె తను తాగేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇలా వారాలు గడిచాయి. పని పెరిగింది. రుబ్బడం రెట్టింపయింది. ఇంటికి మాత్రం ఉత్త చేతులతో వెళ్ళాల్సి వచ్చేది. కూలి పెంచమని అడగడానికి గంగకి నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం సత్యకుమారి పాకలో కూర్చున్నప్పుడు అడిగింది.

"సావుకారమ్మా, మా గుంట సరిగా తినట్లేదు. కూసింత పచ్చడి ఇవ్వరా?"

సత్యకుమారి తల వంచుకుంది. "నాకివ్వాలనే ఉందే. ఆయన గిన్నె సూసుకుంటున్నారు."

లేచి వెళ్ళి, గణపతిరావు గల్లా దగ్గర ఎవరితోనో మాట్లాడుతుండగా గిన్నెలోంచి రెండు గరిటెలు తీసి ఆకులో కట్టింది. తెచ్చి గంగ గంపలో, గడ్డి కింద పెట్టింది. "బేగి ఎల్లిపో," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగు కనిపించింది. గంగకి ఆమె మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేం.

తర్వాత కూడా అలాగే ఇచ్చేది, దొరికినప్పుడల్లా. సరళ మళ్ళీ దుంపలు అడిగి తినడం మొదలుపెట్టింది.

మాఘంలో ఒక సంత నాడు గణపతిరావుకి ఎక్కడో అనుమానం తగిలింది. గంగ గంప నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటబోతుంటే ఆపాడు. గడ్డి తీశాడు. పొట్లం విప్పాడు. ఆకు మీద పచ్చగా పచ్చడి.

"ఏటిది?"

గంగ గంపని కింద దించింది.

"ఏటే ఇది? నువ్వు తీసినావా? ఇంకెవలైనా ఇచ్చినారా?"

రొట్టెల కోసం వచ్చిన వాళ్ళు నలుగురు తలలు తిప్పి చూశారు. సత్యకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గణపతిరావు ఆమె వైపు తిరిగాడు. "నువ్విచ్చావేటే?"

సత్యకుమారి కొంగు పట్టుకుని నలిపింది. గంగ ఆమె ముఖంలోకి చూసింది. ఒక్క మాట చాలు. ఇంతమంది ముందు కొట్టడు, చంపడు, మహా అయితే నాలుగు కేకలేస్తాడు. ఆ ఒక్క మాట వస్తుందనే గంగ అనుకుంది. ఆమె చేతి నుంచి తన చేతిలోకి వచ్చిన పొట్లమే కదా.

"నాకు తెలీదండి," అంది సత్యకుమారి. గొంతు చాలా చిన్నగా వచ్చింది, అయినా అక్కడున్న వాళ్ళందరికీ వినబడింది.

గణపతిరావు పొట్లం గంప మీదికి విసిరాడు. "తినేసి పో. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు."

"ఆళ్ళకి అలవాటే," అన్నారెవరో లోపల నుంచి.

గంగ చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. సావుకారమ్మే ఇచ్చిందని అనొచ్చు. ఎందుకో అనలేదు. అంటే ఎవరు నమ్ముతారన్నది ఒకటి. నమ్మితే ఆ రాత్రి సత్యకుమారి ఒంటి మీద వాతలు పడతాయన్నది ఇంకొకటి. పొట్లం తీసి రుబ్బురోలు అంచు మీద పెట్టింది. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. కొండ సగం ఎక్కాక ఒక బండ మీద కూర్చుని ఏడ్చింది. దొంగ అన్నందుకు కాదు. ఆ "తెలీదండి" అన్న మాటకి.

ఆ వేసవి వాళ్ళింట్లో గడ్డు కాలం. మామిడి టెంకలు నూరి, దుంపలు తవ్వి ఎలాగో నెట్టుకొచ్చారు. వానాకాలం పంట కాస్త బాగానే వచ్చింది. వలిసెలు ఇంటికి చేరాయి. ఇంటి పక్క మడిలో కొత్తిమీర ఏపుగా పెరిగింది. అప్పుడు గంగకి ఒక ఆలోచన వచ్చింది. వలిసెలు నావి, కొత్తిమీర నాది, చోళ్ళు నావి, చెయ్యి నాది. సంతలో నేనే రొట్టె కాల్చి అమ్మితే ఏం?

మంగ్లుకి చెబితే అతను చాలాసేపు కర్ర కొనతో మట్టి గీసుకుంటూ కూర్చున్నాడు. "మనోళ్ళు కొంటారేటి? ఇంటికాడ సేసుకునేదే కదా. ఆ దిగువోళ్ళు మన సేతిది తినరు."

"తిన్నారు కదా ఇన్నాళ్ళూ."

"నీదని తెలవక తిన్నారు."

అది నిజమే. అయినా గంగ ఆగలేదు. ఇంట్లోనే పచ్చడి రుబ్బుకుని, ముంతలో పెట్టుకుని, పిండి మూట కట్టుకుని సంతకి దిగింది. చింతచెట్టు కింద, చింతపండు అమ్మేవాళ్ళ పక్కన మూడు రాళ్ళు పెట్టి నిప్పు రాజేసింది. ఆకులో రొట్టె కాలుతుంటే వాసన సంతంతా పాకింది.

కొండల మీది నుంచి కావిళ్ళతో వచ్చినవాళ్ళు ఆగి చూశారు. నవ్వారు. ఆనపబుర్రల్లో ఇంటి నుంచి తెచ్చుకున్న అంబలి తాగుతూ, "దీనికి డబ్బులేటే అక్కా?" అన్నారు. ఒకామె మాత్రం రెండు గుప్పెళ్ళ అల్లం ఇచ్చి ఒక రొట్టె తీసుకుంది.

ఇంతలో వాసన పట్టుకుని బట్టల సన్యాసిరావు వచ్చాడు. వంగి చూశాడు. "ఏటిది? సావుకారమ్మ రొట్టె కాదేటి?"

"నా రొట్టె బాబూ," అంది గంగ.

"నీదెలాగవుతాదే? ఇది గణపతిరావు గారి హోటల్లో రొట్టె. నువ్వు అక్కడ గిన్నెలు తోమేదానివి కదా? పచ్చడి కొట్టేసినావని పంపించేసినారంట కదా?" పక్కనున్న ఉల్లిపాయల వర్తకుడి వైపు తిరిగి నవ్వాడు. "పచ్చడితో పాటు పనితనం కూడా కొట్టేసింది సూడు."

జనం పోగయ్యారు. గంగకి చెవులు వేడెక్కాయి. "ఆ వానలో మీరు తిన్న రొట్టె నేనే కాల్చినాను బాబూ. ఆ సిక్కుడు కూరా నేనే సేసినాను. సావుకారమ్మకి నేనే సెప్పినాను," అంది. మాట మాటకీ గొంతు లేస్తోంది. లేస్తున్నకొద్దీ అక్కడున్న వాళ్ళ ముఖాల్లో నవ్వు ఇంకా ఎక్కువవుతోంది. అబద్ధం చెప్పేవాళ్ళు అలాగే అరుస్తారని వాళ్ళ నమ్మకం.

సరిగ్గా అప్పుడు సత్యకుమారి కూరల గంప చంకన పెట్టుకుని అటు వచ్చింది. గుంపు చూసి ఆగింది. గంగని చూసింది. నిప్పుల మీది రొట్టెని చూసింది.

"అదిగో, ఆవిడే వచ్చినారు," అన్నాడు సన్యాసిరావు. "సెప్పండమ్మా. ఇది మీ రొట్టె కాదేటి? ఈ మనిషి తనదంటాది."

గంగ లేచి నిలబడింది. ఈసారి గణపతిరావు ఇక్కడ లేడు. కేకలేసేవాడు లేడు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పొయ్యి. మధ్యాహ్నాలు పాకలో గడ్డం ఆనించుకుని విన్న మాటలన్నీ ఆమెకి గుర్తుండవా?

సత్యకుమారి పెదవులు కదిలాయి. చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. వాళ్ళలో చాలామంది సంతలో తిరగడం అయ్యాక హోటల్‌కే వస్తారు.

"పోనీలెండి," అంది మెత్తగా. "మా ఇంట్లో సూసి నేర్సుకుంది. నేర్సుకుంటే ఏం పోనాది? అదీ బతకాల కదా."

గుంపులో ఎవరో ఆమె మంచితనానికి తలాడించారు. "దొంగతనం సేసినా తిట్టనైనా తిట్టలేదు సూడు మా తల్లి," అంది ఒక ఆడమనిషి. సన్యాసిరావు రొట్టె కొనలేదు. ఎవరూ కొనలేదు. సత్యకుమారి వెళ్ళిపోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో ఏముందో గంగ చూడలేదు. అప్పటికే నిప్పుల మీద మట్టి పోస్తోంది.

ఆ రోజు "తెలీదండి" అన్నప్పుడు భయపడిందని సరిపెట్టుకుంది గంగ. భయాన్ని ఆమె అర్థం చేసుకోగలదు. ఈ రోజు అన్నది భయంతో కాదు. దయతో అన్నది. ఆ దయ లోపల ఎక్కడో దిగి, తీయడానికి అందకుండా ఉండిపోయింది.

కాల్చిన రొట్టెలు ఇంటికి తీసుకొచ్చింది. మంగ్లూ సరళా తిన్నారు. ఆమె ముట్టలేదు.

ఆ తర్వాత సంతకి వెళ్ళినా హోటల్ ఉన్న వైపు వెళ్ళేది కాదు. కాఫీ తోటల్లో కలుపు తీయడానికి, పళ్ళు కోయడానికి కుదిరింది. జలగలు పట్టే చోట పని, చలిలో పని. వెళ్ళే దారిలోని గూడేల్లో కొందరు ఆమెని సావుకారమ్మ రొట్టె దొంగిలించిన మనిషి అని వెనక నుంచి చూపించేవారు. మొదట్లో తిరిగి చూసేది. తర్వాత మానేసింది. పచ్చడి రుబ్బడం మాత్రం మానలేదు. ఇంట్లో తినేవాళ్ళు ఉన్నారు కదా. కాకపోతే ఇప్పుడు ఏరోజు తిండికి ఆ రోజే రుబ్బేది. మిగలనిచ్చేది కాదు. ముంతలో నూనె పోసి దాచడం మానేసింది.

మంగ్లు ఒక చలికాలంలో పోయాడు. సరళ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. గుంట పెరిగి పెద్దదయింది. పెదబయలు వైపు ఒక బడిలో అటెండరు ఉద్యోగం చేసే సర్వేశ్వరరావుకి ఇచ్చి పెళ్ళి చేసింది. మంచి కుర్రాడు. అత్తగారి ఇంటికి ఎప్పుడొచ్చినా ఉత్త చేతులతో వచ్చేవాడు కాదు. అప్పటికి డుంబ్రిగుడ రోడ్డు తారురోడ్డయింది. గణపతిరావు హోటల్‌కి సిమెంటు గోడలు లేచాయి. జీపుల్లో వచ్చే ఆఫీసర్లు అక్కడ ఆగేవారు.

ఒక సాయంత్రం ఆ జంట వచ్చింది. సర్వేశ్వరరావు సంచీలోంచి అడ్డాకు పొట్లం తీసి గంగ ముందు పెట్టాడు.

"అత్తా, ఇది తినాల నువ్వు. వేడిగా ఉన్నప్పుడే తిను. డుంబ్రిగుడలో సావుకారమ్మ రొట్టెని మించింది లేదంట. విశాఖపట్నం నుంచి వచ్చి తింటన్నారు."

సరళ భర్త వైపు తిరిగింది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "ఆ రొట్టె మా..." అంటూ మొదలుపెట్టింది.

"నీళ్ళు తే గుంటా," అంది గంగ.

సరళ తల్లి ముఖం చూసింది. లేచి వెళ్ళింది.

గంగ పొట్లం విప్పింది. రొట్టె ఇప్పుడు పెనం మీద కాలుస్తున్నట్టున్నారు, ఆకు వాసన లేదు. చోళ్ళ పిండి కంటే బియ్యప్పిండే ఎక్కువ. వలిసెలకి బదులు పల్లీలు వేశారు. కొత్తిమీర మాత్రం బాగా వేశారు. అల్లుడు ఎదురుగా కూర్చుని ఆమె నోటి వైపే చూస్తున్నాడు. గంగ ముక్క ముక్కగా విరిచి మొత్తం తింది.

"ఎలాగుంది అత్తా?"

"బాగుంది బాబూ."

"బాగుండదేటి మరి! ఎళ్ళినప్పుడు ఆ సావుకారమ్మని అడుగుతానుండు. ముసలమ్మే అయిపోనాది గానీ మంచి మనిషంట. సరళకి నేర్పమంటే నేర్పుతాదేమో."

"వద్దు బాబూ," అంది గంగ. "అంత దూరం ఎల్లి నేర్సుకునే పనేటి?"

అతను నవ్వి, చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు. సరళ నీళ్ళ చెంబు తల్లి ముందు ఠపీమని పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏల సెప్పనివ్వలేదు? నా మొగుడికైనా తెలవద్దా?"

గంగ ఆకు మడిచి పొయ్యిలో వేసింది. అది నూనెతో చిటపటలాడి అంటుకుంది.

"సెప్తే నమ్ముతాడేటే?"

"నమ్ముతాడు. నా మాట నమ్మడా?"

"నమ్మితే సరే. నమ్మకుండా నవ్వినాడనుకో, నాకు అల్లుడు కూడా ఉండడు. ఈ ఇంటికి పొట్లం పట్టుకుని వచ్చేవోడు ఒక్కడే ఉన్నాడు. ఆడికి సెప్పి సూసుకునే ధైర్యం నాకు లేదే."

సరళ ఇంకేదో అనబోయింది. బయట సర్వేశ్వరరావు కాళ్ళు దులుపుకుంటున్న చప్పుడయింది. గంగ లేచి, అతను కూర్చోవడానికి చాప పరిచింది.